నేను ముందుకు వేసిన అడుగులు

ఇటుక పట్టడం నాకు పన్నెండో ఏట వచ్చింది. గోదావరి పక్క బట్టీల్లో లారీ దాకా వరసగా నిలబడి, ఒకరి నుంచి ఒకరికి ఇటుకలు విసురుకుంటాం. చేతులు బిగపెడితే వేళ్లు చితుకుతాయి. ఇటుకతో పాటే చేతులు కాస్త వెనక్కి పోవాలి. విసిరే మనిషి అలిసిపోతే పట్టే మనిషి ఒక అడుగు ముందుకు జరుగుతుంది. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

నలభై దాటాక పనికోసం సౌదీలోని అల్ ఖోబర్ వచ్చాను. అల్ అజీజియాలో చుట్టూ ఎత్తు గోడలున్న కాంపౌండ్‌లో, ఒక అమెరికా వాళ్ల ఇంట్లో పని. మేడం, సారు ఆరున్నరకే ఆఫీసుకు పోయేవారు. మిగిలేది మేడం తండ్రి, నేను. ఆయనను బాబా అనేదాన్ని. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. అప్పటికి నాకు తెలుగు అక్షరాలూ రావు. అవి తర్వాత, యాభైకి దగ్గర పడ్డాక, ఏలూరు నుంచి వచ్చిన ఒక నర్సమ్మ శుక్రవారాల్లో నేర్పింది. ఇంట్లో ఏసీ చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. కొన్ని రోజులు సాయంత్రం దాకా నేను నోరు తెరిచే పనే పడేది కాదు. బాబా టీవీ ముందు కూర్చుని, దాన్ని చూడకుండా, కుడి మోచేతిని రుద్దుకుంటూ ఉండేవారు.

ఆ మోచేతి సంగతి నాకు చెప్పింది కాంపౌండ్‌లో ప్లంబింగ్ పని చూసే జగిత్యాల కుర్రాడు. తమ్ముడూ అని పిలిచేదాన్ని. బాబా బేస్‌బాల్ ఆటలో బంతి విసిరేవారట. అదే ఆయన ఉద్యోగం. ఊరూరా బస్సుల్లో తిరుగుతూ చిన్న జట్లలో తొమ్మిదేళ్లు ఆడితే, పెద్ద జట్టులో ఒక్క ఎండాకాలం దక్కింది. అంతలో మోచేతిలో నరం తెగింది. ఆపరేషన్ చేసినా పాత చెయ్యి తిరిగి రాలేదు. టైర్ల కొట్లో పని చేశారు, బడిపిల్లలకు ఆట నేర్పారు. భార్య పోయాక కూతురు ఇక్కడికి తెచ్చుకుంది.

ఒకరోజు నేను కడుగుతున్న నారింజపండు ఒకటి దొర్లి ఆయన కాళ్ల దగ్గరికి పోయింది. ఆయన తీసి నా వైపు విసిరారు. ఇటుకను పట్టినట్టే పట్టాను. నా చేతుల వంక చూసి, పండు వెనక్కి తీసుకుని, ఈసారి గట్టిగా విసిరారు. అదీ పట్టాను. లోపలికి పోయి బంతి పట్టే పాత తోలు గ్లోవ్ తెచ్చి నా చేతికి తొడిగారు.

అప్పటి నుంచి రోజూ ఎనిమిదింటికి ఇంటి వెనక అదే పని. ఆయన కొలత టేపు పట్టి రెండు చోట్ల సుద్ద గీతలు గీశారు. ఆయనదొకటి, నాదొకటి. టేపు మీద అంకె చూపిస్తే తెలిసినట్టు తలూపాను. కాంపౌండ్ మైదానంలో పిల్లల ఆటలు మొదలయ్యే రోజు గౌరవంగా మొదటి బంతి ఆయన్ను వేయమన్నారట. పిల్లల దూరం వద్దు, పెద్దవాళ్ల దూరం నుంచే వేస్తానని ఆయన మాటిచ్చారు. ఆ దూరం అందాలి. ఆయనకు కావలసింది అంతే.

మొదటి వారం బంతి నా దాకా రాలేదు. నేల మీద పడ్డప్పుడల్లా ఆయన మొహం తిప్పుకునేవారు. నేను ఒక అడుగు ముందుకు వేసి పట్టాను. ఆయన చూపు గ్లోవ్ మీదే, నా కాళ్ల మీద కాదు. పట్టగానే వెనక్కి నా గీత మీదికి పోయేదాన్ని. ఒకటి రెండైంది, రెండు నాలుగైంది. బంతి గ్లోవ్‌లో ఠప్పుమంటే ఆయన నవ్వేవారు. పగటిపూట ఆ ఇంట్లో మనిషి అలికిడి అదొక్కటే.

తమ్ముడు ఒకరోజు పైపు బిగిస్తూ చూశాడు.

“అక్కా, గీత దాటుతున్నవ్ గద.”

“ఊరుకో తమ్ముడూ. ముసలాయన, కాస్త సంతోషపడనీ.”

“మరి ఆటలు మొదలయ్యే దినం నువ్వే పోయి బంతి పడ్తవా? ఆడ పట్టేటందుకు కూసునేటోడు పిల్లల కోచ్. ఆయనకేం ఎరుక నీ ఇటుకబట్టీ?”

“ఆ రోజుకి బలం వచ్చేత్తాదిలే. నువ్వు నీ పైపు చూసుకో.”

“పైపైతే నాతోని అబద్ధం ఆడదక్కా,” అన్నాడు.

ఆటలు మొదలయ్యే శుక్రవారం ఆయన నా చేత చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేయించుకున్నారు. కంచె బయట పనివాళ్లతో పాటు నిలబడ్డాను. కోచ్ తన చోట గొంతుకూర్చుని కదల్లేదు. ఎందుకు కదులుతాడు? బంతి ఆయనకు నాలుగడుగుల ముందే పడి, రెండుసార్లు ఎగిరి, దొర్లుకుంటూ పోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన బంతి పడ్డ చోటు చూశారు. తర్వాత తల తిప్పి కంచె వైపు నన్ను వెతికారు.

మర్నాడు ఎనిమిదింటికి గ్లోవ్ తొడుక్కుని నిలబడ్డాను. ఆయన రాలేదు. వారం గడిచింది. అన్నం పళ్లెం గది ముందు పెట్టి వచ్చేదాన్ని.

తొమ్మిదో రోజు నేను గ్లోవ్‌తో నా గీత మీద ఉండగా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు.

“రోజూ ఎన్ని అడుగులు ముందుకొచ్చినవని అడుగుతుండు,” అన్నాడు తమ్ముడు. “జెర తగ్గించి చెప్పాల్నా?”

“వద్దు.”

నాలుగు వేళ్లు చూపించాను. బట్టీ సంగతి తమ్ముడు తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. బాబా అడ్డం రాకుండా విన్నారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

తన గీత దాకా పోయి, దాన్ని దాటి, నా వైపు నాలుగడుగులు వేసి ఆగారు. చెయ్యి ఎత్తారు. నా కాలు దానంతటదే లేవబోయింది, ఆపుకున్నాను. బంతి నేరుగా వచ్చి గ్లోవ్‌లో పడింది. ఆయన నవ్వలేదు. బంతి ఇమ్మని చెయ్యి చాపారు.