సింగిల్ టికెట్

ఓడ ప్రయాణం గురించి ఇప్పుడు నన్నెవరూ అడగరు. అందరూ విమానాలెక్కుతున్నారు. అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే ఓడల మీద నాకున్న అనుభవం పద్మారావు నగర్‌లో ఇంకెవరికీ లేదు. ఉందని చెప్పుకునేవాళ్లకు అసలే లేదు. మా వీధిలో ఒక రిటైర్డ్ గుమాస్తా ఉన్నాడు. బొంబాయి నుంచి గోవాకు ఒక్కసారి, ఒకే ఒక్కసారి స్టీమరెక్కాడు. ఆ రోజు నుంచీ సముద్రం ఆయన మామగారు రాసిచ్చిన ఆస్తి. అలలు కొండలంత లేచాయట. ఆ దారి పొడుగునా ఒడ్డు కనబడుతూనే ఉంటుంది నాయనా అని నేను ఏనాడూ అనలేదు. ఆయన భార్య మంచిది.

నేను ఆయాను. కంటోన్మెంటు బంగళాల్లో తెల్లవాళ్ల పిల్లలను ఎత్తుకు పెంచినదాన్ని. యుద్ధానికి ముందు దొరల కుటుంబాలు సెలవు మీద విలాయతి పోయినప్పుడల్లా పిల్లలను చూసుకోవడానికి నన్ను వెంటబెట్టుకు పోయేవారు. బొంబాయిలో ఓడెక్కడం, ఏడెన్ దాటడం, సూయజ్ కాలువ దాటడం, లండన్‌లో దిగడం, మళ్లీ అదే దారిన రావడం. ఎన్నిసార్లు పోయివచ్చానో లెక్కపెట్టడం మానేశాను. మిషన్ బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఇన్నాళ్లకు ఇలా పనికొస్తున్నాయి.

మొదటి మాట కడుపు గురించి. ఓడెక్కబోయేవాళ్లు ఏమీ తినకుండా ఉంటే వాంతులు కావనుకుంటారు. ఇంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు, ఖాళీ కడుపే ముందు తిరగబడుతుంది. మోండా మార్కెట్‌లో మరమరాలు, నిమ్మకాయ ఊరగాయ, పిడికెడు సొంఠి కొనుక్కుని పొండి. కళ్లు తిరిగినట్టుంటే కేబిన్లో దుప్పటి కప్పుకుని పడుకోకండి. పైకొచ్చి నీళ్లూ ఆకాశమూ కలిసేచోటు చూస్తూ నిలబడండి. దగ్గరి అలలను చూడకండి. ఓడ ముందూ వెనకా ఊగినంత నడుమ ఊగదు, నడుమనే ఉండండి. ఇదంతా నేను చెబితే దొరసానులు నవ్వేవారు. ఓడ డాక్టరిచ్చిన గోలీలు మింగి, సిల్కు గౌన్లు తొడుక్కుని, కెప్టెన్ పక్కన భోజనానికి కూర్చుని, సూపు రాకముందే నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని పరుగెత్తేవారు. ఆ గౌన్లు ఉతికేది నేనే.

ఓడ మీద తెల్లవాళ్లకు పని ఉండదు. పని లేకపోతే మనిషికి ఎంత తెలివి పోతుందో చూడాలంటే ఓడెక్కాలి. పొద్దున్నే లేచి డెక్కు మీద గుండ్రంగా తిరుగుతారు, ఎక్కడికో అర్జెంటు పని ఉన్నట్టు. ఎదురుపడిన ప్రతిసారీ గుడ్ మార్నింగ్ చెప్పుకుంటారు, తెల్లారి నుంచి అదే మనిషికి. సాయంత్రం వేషాలు వేసుకుంటారు. ఒకసారి ఒక మేజరు మొహానికి మసి పూసుకుని, తలపాగా చుట్టుకుని నవాబునన్నాడు. హైదరాబాదు నవాబులను నేను చూశాను, వాళ్లు ఇంకా అన్యాయంగా ఉంటారు, అది వేరే సంగతి. ఆ మేజరుకు బహుమతి ఇచ్చారు. పిల్లలు ఎక్కడున్నారు, తిన్నారా, నీళ్లలో పడ్డారా అని ఒక్క తల్లీ అడిగేది కాదు. ఆయా ఉందిగా.

ఇంకొక మాట పెట్టెల గురించి. దారిలో అవసరమయ్యే పెట్టెల మీద ‘వాంటెడ్’ అని చీటీ అంటిస్తారు, అవి కేబిన్లోకి వస్తాయి. అవసరం లేనివాటి మీద ‘నాట్ వాంటెడ్’ అని అంటిస్తారు, అవి అడుగున చీకటి గదిలోకి పోతాయి. మాకు చీటీలు అంటించేవారు కాదు గానీ లెక్క అదే. బొంబాయి నుంచి లండన్ దాకా మేం వాంటెడ్. లండన్‌లో దిగి, పిల్లలను నాయనమ్మ చేతుల్లో పెట్టిన గంటకు నాట్ వాంటెడ్.

అందుకే అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర చెబుతున్నాను. రిటర్న్ టికెట్ తీయకుండా ఏ దొరసాని వెంటా ఓడెక్కవద్దు. ఎంత మంచిదైనా సరే, బైబిలు చదివేదైనా సరే. ఒకసారి నేనెక్కాను. లండన్‌లో దిగాక నా దొరసాని నా చెయ్యి పట్టుకుని ఊపి, ఎవరైనా ఇండియా పోయేవాళ్లు నిన్ను తీసుకుపోతారులే అని వెళ్లిపోయింది. నాలాంటి ఆయాలు పడుండే ఇల్లు ఒకటి ఉండేది ఆ ఊళ్లో. అక్కడ ఒక చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని సాక్సులు అల్లాను. బిడ్డను చంకనేసుకుని ఏ దొరసాని గుమ్మంలోకొచ్చినా అందరం ఒక్కసారే లేచి నిలబడేవాళ్లం. చివరికి హైదరాబాదు పోయే కుటుంబమొకటి దొరికింది. అప్పట్లో దొరికేవి. ఎందుకంటే అప్పట్లో ఇటు వచ్చేవాళ్లుండేవారు.

ఇక మా చెల్లెలి సంగతి. నాకంటే చాలా చిన్నది, పెళ్లికాలేదు. తిరుమలగిరి దగ్గర ఒక కంపెనీ దొర బంగళాలో ఆయాగా ఉండేది. ఆ దొర కూతురికి అయిదేళ్లుంటాయేమో. పుట్టిననాటి నుంచీ మా చెల్లెలి చంకలోనే పెరిగింది. ఆ పిల్లకు ఇంగ్లీషు కంటే తెలుగు బాగా వచ్చు, తల్లికి ఆ సంగతి తెలియదు. తెలుసుకునేంత సేపు ఆమె పిల్లతో మాట్లాడితే కదా.

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది అది. తెల్ల సోల్జర్లు అప్పటికే పోయారు. ఊళ్లో ఒకవైపు రజాకార్ల కవాతులు, ఒకవైపు ఇండియన్ యూనియన్ వాళ్లు సరుకులాపి ఉప్పుకూ కిరసనాయిలుకూ కరువు. రేడియో పెట్టిన ప్రతివాడూ ఒక జనరలే. మా అమ్మకు కంటి మీద కునుకు లేదు. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం చెల్లెలు ఇంటికొచ్చి, దొర కుటుంబం విలాయతి పోతోందని, తననూ తీసుకుపోతున్నారని, టికెట్ కూడా తీశారని చెప్పింది. అమ్మ లేచి ప్రార్థన చేసింది. గీ గడబిడల ఉండేకన్న ఆడ ఉంటే నీ పానమన్న దక్కుతది బిడ్డా అంది.

ఏ టికెట్ అని నేనడిగాను.

“సింగిల్ తీసిండ్రు అక్కా,” అంది చెల్లెలు, మొహం వెలిగిపోతూ. “బేబీతోని కలిపి కాదు. నా ఒక్కదానికే సపరేటు.”

నాకు నవ్వాగలేదు. పాపం, అది పుట్టి పెరిగింది కంటోన్మెంటులో. అక్కడ సింగిల్ అంటే పెళ్లికాని సోల్జరు, ఒంటరి మనిషి. పెళ్లైనవాళ్లకు వేరే క్వార్టర్లు, సింగిల్ వాళ్లకు వేరే బారక్సు. తనకు పెళ్లికాలేదు గనుక తనది సింగిల్ టికెట్. ఇంతకంటే సబబైన లెక్క ఉంటుందా? ఆమెగారికంటూ ఒక సొంత టికెట్ తీసినందుకు దొరసానిని నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది.

“సింగిలంటే ఒక్కదానికని కాదే పిచ్చిదానా,” అన్నాను. “పోవుడే గని మల్ల వచ్చుడు లేదని.”

నమ్మలేదు. నన్ను తీసుకుపోవడం లేదని నాకు కుళ్లు అంది. నువ్వు సుత గట్లనే పోయినవు, గట్లనే వచ్చినవు, నేను రానా అంది. బేబీని విడిచి ఉండలేనంది. అసలు సంగతి అదీ. దొరసాని మీద మోజు కాదు, విలాయతి మీద మోజు కాదు, ఆ పిల్ల. అమ్మేమో పోనీయవే, నీ కడుపుమంట ఎందుకు అని నా మీదే లేచింది. ఇద్దరూ ఒకటైతే నేనేం మాట్లాడను?

మర్నాడు చెల్లెల్ని మోండా మార్కెట్‌కు తీసుకుపోయాను. కూరగాయలు దాటి పాత సామాన్లు అమ్మే వరసకు పోయాం. కంటోన్మెంటు బంగళాల సామాను హర్రాజులో కొని తెచ్చి అక్కడ కుప్పలు పోశారు. తెల్ల పిల్లల ఉయ్యాలలు, మూడు చక్రాల సైకిళ్లు, ఎత్తు కాళ్ల చిన్న కుర్చీలు. ఒక ఉయ్యాలలో ఉల్లిగడ్డలు పోసి అమ్ముతున్నారు. చెల్లెలు చాలాసేపు చూసింది.

“నేనొచ్చినప్పుడు ఇటు వచ్చేటోళ్లుండిరి,” అన్నాను. “ఇప్పుడు ఎవలొస్తున్నరే ఇటు? నిన్ను ఎవలు తీస్కొస్తరు?”

వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టింది. గుమ్మం దగ్గరికి రాగానే, రేపు నాతోని బంగళాకు రా అక్కా, రిటర్న్ ఇయ్యమని అడుగుత అంది.

వెళ్లాం. దొరసాని వరండాలో కూర్చుని ఉత్తరాలు రాసుకుంటోంది. చెల్లెలు బట్లర్ల దగ్గర నేర్చిన హిందుస్తానీలో అడిగింది. బేబీని ఓడలో కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటానని, తన తల్లి పెద్దదైందని, రిటర్న్ టికెట్ తీస్తే వస్తానని. పిల్ల దాని కొంగు పట్టుకుని నిలబడి వింటోంది. దొరసాని కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. జాలిగా చూసింది. ఆ జాలి చూపు నాకు బాగా తెలుసు, ఓడ దిగిన రోజు లండన్‌లో చూశాను. ఇప్పుడు హైదరాబాదుకు రిటర్న్ ఎవరైనా తీస్తారా ఆయా, రేపు తిరిగి రావడానికి ఇక్కడ ఏముంటుందని, అంది.

చెల్లెలు దొరసాని మొహంలోకి చూసింది. వచ్చీరాని హిందుస్తానీ మరిచిపోయి తెలుగులోనే అంది.

“మేముంటం గద, అమ్మా.”

ఏమందని దొరసాని నన్నడిగింది. చెప్పాను. ఓ, అంది. తరువాత కలం తీసుకుని ఉత్తరంలోకి తలవంచుకుంది. అక్కడితో మాట ముగిసింది. టికెట్ వాపసు చేస్తామని సాయంత్రం బట్లరుతో కబురు పంపింది. తన పిల్లను తానే చూసుకుంటుందట. అదేదో సముద్రం ఈదుతానన్నట్టు చెప్పి పంపింది.

వాళ్లు బయలుదేరకముందే మిలటరీ వచ్చింది. ట్యాంకులేసుకుని, పైన విమానాలు తిప్పుకుంటూ వచ్చి, దానికి పోలీస్ యాక్షన్ అని పేరు పెట్టారు. మా గల్లీలో దొంగ పడితే ఒక్క పోలీసు సైకిల్ మీద వచ్చేవాడు, అదీ మర్నాడు. ఆ కొద్దిరోజులూ రైళ్లు లేవు, తలుపులు మూసుకుని కూర్చున్నాం. యూనియన్ వాళ్లు గెలిచారని తెలిసి ఊరు ఒకవైపు సంబరపడింది, ఒకవైపు వణికింది. గల్లీ చివర దర్జీ కుటుంబం, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ముస్లింలు, భయపడి మా వెనక గదిలో పడుకున్నారు. మా అమ్మ వాళ్లకూ మాకూ ఒకే గిన్నెలో అన్నం వండింది. నిన్నటి దాకా రజాకార్లకు సలాములు కొట్టినవాళ్లు రాత్రికి రాత్రి ఖద్దరు టోపీలు ఎక్కడ సంపాదించారో నాకిప్పటికీ తెలియదు. అవన్నీ చూశాక డెక్కు మీద గుడ్ మార్నింగులు చెప్పుకునే తెల్లవాళ్లే నయమనిపించింది. కానీ మేమున్నాం. చెల్లెలు అన్నట్టే ఇక్కడే ఉన్నాం.

రైళ్లు మళ్లీ షురూ అయ్యాక దొర కుటుంబం బయలుదేరింది. చెల్లెలు స్టేషన్‌కు పోతానంది. వద్దని నేనూ అమ్మా ఇద్దరం చెప్పాం, ఆ ఒక్కసారి మేమిద్దరం ఒకే మాట మీద ఉన్నాం. వినలేదు. వెంట నేను పోవలసివచ్చింది. దాని చేతిలో మోండా నుంచి తెచ్చిన పొట్లం ఉంది. మరమరాలు, సొంఠి, చిన్న సీసాలో నిమ్మకాయ ఊరగాయ.

రైలుపెట్టె కిటికీ దగ్గర నిలబడి దొరసానికి మొదలుపెట్టింది. ఖాళీ కడుపున ఉంచొద్దని, పిల్లను కేబిన్లో పండబెట్టొద్దని, ఓడ నడుమనే ఉండాలని. నేను దానికి చెప్పినవన్నీ, నేను చెప్పిన వరసలోనే. దొరసాని అవునవునని తలూపుతూ కూలీ పెట్టెలు లెక్కపెడుతున్నాడో లేదో చూస్తోంది. అప్పుడు చెల్లెలు ఆమెను వదిలేసి పిల్లకు చెప్పింది, తెలుగులో. కండ్లు తిరిగితే నీళ్ల దిక్కు చూడకు బిడ్డా, దూరంగ మొగులు దిక్కు చూడు. మీ అమ్మకు సుత చెప్పు. పిల్ల తలూపింది. పెద్దమనిషిలా పొట్లం తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు. మా చెల్లెలు కూడా ఏడవలేదు, కిటికీ ఊచ పట్టుకుని వదల్లేదంతే.

గార్డు ఈల వేశాడు. పిల్ల కిటికీలోంచి మొహం బయటపెట్టింది.

“ఆయా, నాది సుత సింగిలేనా?”

ఆ వరండాలో, ఆ బంగళాలో ఎన్నిసార్లు విన్నదో ఆ మాట. మా చెల్లెలు ఊచ వదిలి, పిల్ల జుట్టు చెవి వెనక్కి దోపింది.

“అవు బిడ్డా, సింగిలే,” అంది. “నీ ఒక్కదానికే. ఇంకెవలకు కాదు.”

పిల్ల సంబరపడిపోయింది. నా టికెట్ నాకియ్యి అని తల్లి చెయ్యి పట్టుకు లాగింది. రైలు కదిలింది. పేచీ పడలేక దొరసాని సంచీలోంచి తీసి ఇచ్చినట్టుంది, ప్లాట్‌ఫాం చివరిదాకా ఆ పిల్ల కాగితం ముక్క ఒకటి ఊపుతూనే ఉంది, ఇది నాదీ అని అరుస్తూ. మా చెల్లెలు చెయ్యి ఊపింది. నేను పక్కనే ఉన్నాను, సింగిల్ అంటే ఏమిటో ఆ స్టేషన్‌లో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. నోరు మూసుకుని నేనూ చెయ్యి ఊపాను.