ఏకాదశి నాడు అవ్వ పెట్టిన ఎసరు

మా చిన్నప్పుడు... ఏకాదశి వచ్చిందని మేము పంచాంగం చూసి తెలుసుకునేవాళ్లం కాదు. మా పెద్దనాయన త్రేన్పులు వినబడితే చాలు.

నెలకు రెండు ఏకాదశులు. రెండింటికీ ఆయన ఉపవాసమే. మా వైపు దాన్ని ఒక్కపొద్దు అంటారు. పొద్దున్నే తలస్నానం చేసి, నిలువు నామం పెట్టుకుని, అరుగు మీద చెక్క కుర్చీలో కూర్చునేవాడు. లోపల కూర్చుంటే దారిన పోయేవాళ్లకు కనబడదు కదా!

అన్నం ముట్టేవాడు కాదు. నిజమే. అదొక్కటే ముట్టేవాడు కాదు... ఉడికించిన గెనుసుగడ్డలు, బెల్లంతో పల్లీలు, నెయ్యి కారే సగ్గుబియ్యం ఉప్మా, డజను అరటిపండ్లు, మీగడ కట్టిన చెంబెడు పాలు. ఇవన్నీ లోపలికి పోయాక పొట్ట నిమురుకుంటూ, వచ్చినవాళ్లతో నీరసంగా అనేవాడు.

"ఇయ్యాల ఒక్కపొద్దు... జర మాట్లాడుడు గూడ కష్టమైతాంది."

నిజంగా ఉపవాసం ఉండేది అవ్వ... ఆయన తల్లి, మా నాయనమ్మ. పగలంతా ఒక గ్లాసు మజ్జిగ, అంతే. ఆ సంగతి ఎవరికీ చెప్పుకునేది కాదు. పెద్దమ్మ పోయాక ఆయనకు ఆ గడ్డలూ ఉప్మాలూ వండి పెట్టేది కూడా ఆమే.

మాది కట్టంగూరు దగ్గర చిన్న ఊరు. ఆ శ్రావణంలో చెరువు నిండి, ఊరంతా ఒక్కసారే వరినాట్లు మొదలుపెట్టారు. నాటేసే ఆడవాళ్లకు పగటి బువ్వ పొలం వాళ్లే పెట్టాలి. అది ఊరి కట్టుబాటు. అందుకే వాళ్లు ఇంటి నుంచి సద్ది తెచ్చుకోరు.

ఆసారి ఏకాదశి తిథి రెండు రోజుల మీద పడింది. ఉపవాసం రెండో రోజు ఉండాలని గుడి పూజారి చెప్పాడు. ఊరంతా సరేనంది. మొదటి రోజు పొద్దున్నే ఆడవాళ్లు మా మడిలో దిగారు. వాళ్లు దిగాక పెద్దనాయన నామం పెట్టుకుని అరుగెక్కాడు.

"తిథి ఇయ్యాల్నే మొదలైంది. నాకు ఇయ్యాల్నే ఒక్కపొద్దు. ఇంట్ల బియ్యం ఉడకొద్దు" అన్నాడు. దాంతో అవ్వకూ ఆ రోజే ఒక్కపొద్దు అయింది.

ఆహా... ఏమి భక్తి!

పగటికి లింగమ్మ వచ్చింది. మా నాట్లకూ కోతలకూ వచ్చే మనిషి. చంకలో నెలల పిల్ల.

"పటేలా, బువ్వ గంప ఇయ్యిండ్రి. అందరు ఎదురుచూస్తున్నరు."

"ఏకాదశి నాడు మా ఇంట్ల అన్నం వండరు లింగమ్మా. మీరు గూడ ఒక్కపొద్దు ఉండుండ్రి. పున్నెం వస్తది."

"పిల్లకు పాలియ్యాలె పటేలా..."

"దేవుని ముచ్చట జెప్తుంటే గట్ల ఎదురు మాట్లాడొద్దు."

అంటూనే ఆయన అరటిపండు వలిచాడు. తొక్క లింగమ్మ కాళ్ల దగ్గర పడింది. ఆమె పిల్లను చంకలో సర్దుకుని వెనక్కి పోయింది.

కాసేపటికి ఆడవాళ్లు ఆమెను మోసుకొచ్చారు. మడిలో వంగిన మనిషి వంగినట్టే పడిపోయిందట. ముఖమంతా బురద. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పెద్దనాయన కుర్చీలోంచి కదలలేదు.

"ఎండదెబ్బ తగిలుంటది. నీళ్లు జల్లుండ్రి" అన్నాడు. మబ్బు పట్టి, ముసురు పడుతున్న రోజున ఎండదెబ్బ!

అవ్వ లోపలి నుంచి వచ్చి చూసింది. తన మజ్జిగ గ్లాసు తెచ్చి, లింగమ్మ తల ఒళ్లో పెట్టుకుని గుక్క గుక్కగా తాగించింది. ఆమె కళ్లు తెరిచాక లేచి వంటింట్లోకి పోయి, పొయ్యి మీది పాలగిన్నె దించి, అన్నానికి ఎసరు పెట్టింది.

పెద్దనాయన అప్పుడు లేచాడు. ఆ రోజు ఆయన అంత వేగంగా లేవడం అదే మొదలు.

"అమ్మా! ఏకాదశే! ఇంటికి అరిష్టం!"

అవ్వ బియ్యం కడుగుతూనే అంది. "ఒక్కపొద్దంటే మన కడుపు మాడ్చుకునుడురా. మంది కడుపు మాడ్చుడు గాదు. పొద్దటిసంది గంపెడు మెక్కినవు... నీదేం ఒక్కపొద్దు? నీకంటె మన బర్రె నయం. తిని నెమరేస్తది గని పున్నెం అడుగది."



అన్నం, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు. ఆడవాళ్లందరినీ వాకిట్లో కూర్చోబెట్టి వడ్డించింది. తర్వాత తనూ ఒక పళ్లెం పెట్టుకుని లింగమ్మ పక్కన కూర్చుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఏకాదశి నాడు మెతుకు ముట్టని మనిషి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"అవ్వా... నీ ఒక్కపొద్దు పాయె గదా" అంది లింగమ్మ.

"పోనీ బిడ్డా. దేవుడు అడిగితే నేను జెప్పుకుంట. నువ్వు తిను."

పెద్దనాయన వంటిల్లంతా పసుపునీళ్లతో కడిగించాడు. తల్లి చేతి వంట తిననని శపథం చేశాడు. ఆ శపథం మళ్లీ గెనుసుగడ్డలు ఉడికే వాసన వచ్చేదాకా నిలబడింది. కానీ అవ్వ ఆ గడ్డలు నాకు పెట్టింది. ఏకాదశికి ఆయన కోసం ఆమె మళ్లీ ఏమీ వండలేదు.

మడి సగమే నాటి ఉంది. మరునాడు ఎవరూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నారు ముదురుతుంటే పెద్దనాయనే వాళ్ల వాడకు నడిచి పోయాడు. ఏం జరుగుతుందో చూద్దామని నేనూ వెంట పోయాను.

లింగమ్మ గడపలో కూర్చుని పిల్లకు పాలిస్తోంది. పైట సర్దుకుని, అందరూ వినేట్టు అడిగింది.

"ఇయ్యాల తిథి ఏంది పటేలా?"

వాడంతా పగలబడి నవ్వింది. ఆయన మెడ కింద చెమట కారడం చూశాను. చివరికి ఆడవాళ్లు వచ్చారు... పగటి బువ్వ అవ్వ చేతి మీదుగానే పెట్టాలన్న మాట తీసుకున్నాకే. ఆ తర్వాత మా ఇంట్లో నాట్ల రోజున ఏకాదశి ఎన్నడూ పడలేదు. పంచాంగం కూడా బుద్ధి తెచ్చుకున్నట్టుంది!

ఇప్పుడు అవ్వ లేదు. ఆ వాకిలీ లేదు. నాట్లకు వచ్చేవాళ్లు ఎవరి బువ్వ వాళ్లే తెచ్చుకుంటున్నారు. ఆ మార్పు మంచిదే. ఇక ఉపవాసాలంటారా... ఫోను తెరిస్తే అవే. వెండి పళ్లెం, చుట్టూ గిన్నెలు, పైన పూలు, కింద "ఈ రోజు కఠిన ఉపవాసం" అని ఒక మాట. కఠినం ఎవరికో... ఆ గిన్నెలు తోమే మనిషిని అడగాలి.

మీ ఇళ్లలోనూ ఎవరికీ చెప్పకుండా ఆకలిని దాచుకున్న అవ్వలు ఉండే ఉంటారు. వాళ్ల గురించి రాయండి, కూర్చుని చదువుతాను... పళ్లెం ఫొటోలు మాత్రం పెట్టకండి.