కొమ్ము చెరిగిన బోర్డు

మా ఇంటి పిల్లలు మా వదినను ‘పాము పెద్దమ్మ’ అంటారు. పెళ్ళిళ్ళలో నలుగురూ చేరితే చాలు, ఎవడో ఒకడు ఆమె వెనక నక్కి “హావు!” అని కన్నడంలో అరుస్తాడు. ఆమె ఉలిక్కిపడుతుంది. అందరూ నవ్వుతారు. ఇన్నేళ్ళూ నేనూ నవ్వాను. లాల్‌బాగ్‌లో బోర్డు చూసి భయపడి ఇంటికి పారిపోయి వచ్చిన మనిషని ఆమెకు పేరు. ఆ కథలో సగమే నిజం. రెండో సగం నా దగ్గరుంది.

యుద్ధం రోజులవి. చిక్కపేటలో ఒక సందులో మా ఇల్లు. వాకిట్లో నిలబడి తలెత్తితే మా చూరుకూ ఎదురింటి చూరుకూ మధ్య పంచె అంచంత ఆకాశం కనబడేది. అన్న బట్టల అంగట్లో గుమాస్తా. నేను కాలేజీలో చదువుతున్నానన్నది పేరుకు, క్రికెట్ ఆడుతున్నానన్నది నిజం. ఆ ఇంటికి కదిరి పక్క పల్లె నుంచి వదిన కోడలిగా వచ్చింది. వేరుశనగ చేల మధ్య పెరిగిన మనిషి. వచ్చిన కొన్నాళ్ళకే ఆమెకు తిండి తగ్గిపోయింది. మాట అంతకన్నా తగ్గింది. అమ్మకు దిగులు పుట్టింది.

“ఆదివారం సాయంత్రం లాల్‌బాగ్ దాకా పిల్చుకోని పోరా. రవ్వంత గాలి తగులుతాది,” అని నాకు పురమాయించింది. అన్నకు ఆదివారం కూడా అంగడే.

గేటు దాటగానే వదిన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని గడ్డిలోకి దిగింది. “అబ్బీ, ఈ ఊర్లో కూడా మట్టి ఉండాది!” అంది, పోయిన వస్తువేదో దొరికినట్టు. తోటలోని పెద్ద బండ ఎక్కింది. చెరువు గట్టున కూర్చుని కొంగులోని బొరుగులు తింటూ, నీళ్ళకోడి ఒకటి మునిగి ఎక్కడ తేలుతుందో నాతో పందెం కాసింది. గెలిచినప్పుడల్లా గట్టిగా నవ్వింది. ఆమెకు నవ్వుందని మాకప్పటిదాకా తెలియదు. ఆ రాత్రి అన్నం రెండోసారి పెట్టించుకుంది.

వారం పొడుగునా ఆమె ఆ ఒక్క సాయంత్రం కోసం ఎదురుచూసేది. నాకు మాత్రం అది భారమైంది. మా జట్టుకు ఆదివారాలే ఆట. బొరుగుల పొట్లం పట్టుకుని నేను వదిన వెనక నడుస్తుంటే, బ్యాట్లు భుజాన వేసుకుపోయే స్నేహితులు “ఏమప్పా, వదినమ్మకు కావలి ఉద్యోగమా?” అని వెక్కిరించేవాళ్ళు.

అలాంటి ఒక ఆదివారం గాజుమేడ దాటి పూలమళ్ళ దగ్గరికి వచ్చాం. అక్కడొక చెక్క బోర్డు. ‘హూవు ముట్టబేడి’ అని కన్నడంలో రాసుంది. హూవంటే పువ్వు. పువ్వులు ముట్టుకోవద్దని. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు తోబుట్టువులే కాబట్టి, తెలుగు చదువుకున్న వదిన బోర్డులన్నీ కూడబలుక్కుని చదివేది. ఆ బోర్డు మీద ఎండకూ వానకూ రంగు పోయి, మొదటి అక్షరం కొమ్ము సగం చెరిగింది. మిగిలిన ముక్క చూస్తే దీర్ఘంలాగే ఉంది.

“హా... వు. ముట్ట... బేడి.” ఆమె ఆగింది. “హావంటే పాము కదబ్బీ? మొన్న పాములాడించేవాడు సందులోకి వస్తే పిల్లకాయలు అట్లే అరిచిరి.”

మా సందులో పూలమ్మే ఆమె తెలుగులోనే అరిచేది. అందుకని హూవు అన్న మాట వదిన చెవిన ఇంకా పడలేదు. నేను చెబుదామనే నోరు తెరిచాను. అంతలో మైదానం గుర్తొచ్చింది.

“అవునొదినా, పామే.”

“పాముల్ని ముట్టుకోవద్దని బోర్డెందుకు? బుద్ధుండేవాళ్ళు ఎవురన్నా ముట్టుకుంటారా?”

“ఈ ఊరోళ్ళ సంగతి నీకు తెలీదు. ముద్దుగా ఉండాయని ఎత్తుకుంటారు.”

ఆమె పూలమడిని చూసింది. తన పాదాలు చూసుకుంది. చెప్పులు తొడుక్కుంది. గేటు దాకా దారి మధ్యలోనే నడిచింది.

ఇంట్లో చెబితే అమ్మ, “అంత తోటలో పాముల్లేకుండా ఎట్లుంటాయి?” అంది. అన్న కూడా తలూపాడు. మరుసటి ఆదివారం నేను మైదానంలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి వదిన గడప మీద కూర్చుని ఉంది. “అట్లా పక్కకేమన్నా పోయింటివా? చెరువులో తామరలు పూసినాయా?” అని అడిగింది. పూశాయన్నాను, చూడకుండానే. తర్వాతి వారాల్లో కూడా అడిగేది. నేను పూయిస్తూ పోయాను.

ఒక వారం ఆలస్యమైతే సరిదిద్దడం కష్టం కాదు. ఏడాది ఆలస్యమైతే సిగ్గు. తర్వాత అది ఇంటిల్లిపాదీ చెప్పుకునే కథ. పిల్లలు పుట్టి, పెరిగి, లాల్‌బాగ్‌కు పోతుంటే వాళ్ళ బొరుగులు ఆమే కట్టిచ్చేది. తను గడప దాటేది కాదు.

పోయిన నెల డాక్టరు ఆమెను రోజూ చెట్ల గాలిలో నడవమన్నాడు. లాల్‌బాగ్‌కు పోదామంటే “ఆడికి మాత్రం వద్దు,” అంది. నేను పట్టుబట్టి తీసుకుపోయాను. ఏదో ఒక నెపంతో బోర్డు ముందుకే నడిపించాను. ఇప్పుడది రేకు బోర్డు, అక్షరాలు కొత్త రంగుతో మెరుస్తున్నాయి. పిల్లల వాచకాలతో పాటు తనూ కన్నడం నేర్చుకున్న వదిన అది ఒక్క గుక్కలో చదివేసింది. తర్వాత నావైపు తిరిగింది.

“ఏమబ్బీ, పాము ఎప్పుడు పువ్వయింది?”

అంతా చెప్పాను.

“ఆ పొద్దు నీకు ఆటుండెనా?”

“మరుసటి వారం.”

“గెలిచినారా?”

“ఓడినాము.”

“బాగయింది,” అంది. నవ్వలేదు. “నేను పిరికిదాన్ని అనుకుంటానే ముసల్దాన్నయితిని కదప్పా. ఇంట్లో అందరికీ నువ్వే చెప్పల్ల. నేను చెప్తే నమ్మరు.”

ఒప్పుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె చెప్పులు విప్పి నా చేతికిచ్చింది. తోటమాలి ఎటున్నాడో చూసుకుని, మడి అంచున వంగి, ఎర్రటి పువ్వొకదాన్ని చిటికెనవేలితో తాకింది.

“ముట్టినానప్పా,” అంది. “కరవలేదు.”