గంప దిగే మెట్లు

గుండ్రం అయితే గీస్తుంది. ఎద్దు కొమ్ము మాత్రం గీయనంటుంది. ఆ సాఫ్ట్‌వేర్‌తో నాకొచ్చిన పేచీ అదే.

ఎయిర్‌పోర్టు కొత్తగా వచ్చిన రోజులవి. శంషాబాద్ రోడ్డు పొడవునా ఫంక్షన్ హాళ్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. నేను అత్తాపూర్‌లో, ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల పక్కనున్న చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసులో డ్రాఫ్టింగ్ చేసేదాన్ని. డ్రాఫ్టింగ్ అంటే ఏదో అనుకునేరు! బాత్రూముల్లో టైల్స్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో గీయడం. చేరినప్పటి నుంచీ అదే పని. శంషాబాద్ అవతలి మా ఊరి నుంచి బస్సులో వస్తూ పోతూ, దేవుడా, బాత్రూము కానిది ఒక్కటి గీయించు అని మొక్కుకునేదాన్ని.

ఒకరోజు తెల్ల లాల్చీ వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. రోడ్డు పక్కనున్న తన పొలంలో ఫంక్షన్ హాలు కట్టుకుంటున్నాడట. మా సారు చేతిలోని పెన్సిల్ తీసుకుని కాగితం మీద ఒక వంపు గీశాడు.

“గుండ్రం వద్దు సార్. గిట్ల, ఎద్దు కొమ్ము లెక్క రావాలె మెట్లు. మీదున్న రూములకెళ్లి పెండ్లిపిల్ల దిగుతాంటే కింద కూసున్నోళ్లందరు సూడాలె.”

ఆయన వెళ్లగానే సారు నా వైపు తిరిగారు. సీనియర్లిద్దరూ ఏదో అపార్ట్‌మెంట్ పనిలో మునిగిపోయి ఉన్నారు మరి. “చూడమ్మా, ఆయన శుక్రవారం మళ్లీ వస్తారు. అప్పటికి కంప్యూటర్లో మోడల్ తయారైతే సరే. లేదంటే తిన్నగా మెట్లు వేసేసి ఒప్పిద్దాం. నువ్వు చేయగలవా?”

“చేస్త సార్,” అనేశాను. ఎలా చేస్తానో నాకే తెలియదు. చేయలేకపోతే మళ్లీ బాత్రూములే గతి అని మాత్రం బాగా తెలుసు.

మెట్లు వేసే టూల్‌కు సర్కిల్ తప్ప వేరే వంపు రాదు. బలవంతంగా కొమ్ము వంపు ఇస్తే మెట్లొక దిక్కు, రెయిలింగ్ ఒక దిక్కు పోయి గాలిలో వేలాడింది. సాయంత్రందాకా దాన్ని తిట్టి, ఇంటికి పోయి, నేరుగా కొట్టంలోకి వెళ్లి ఎద్దు కొమ్ము పట్టుకున్నాను. మొదలు నుంచి మొనదాకా వేళ్లతో తడుముతున్నాను.

“ఏంది బిడ్డా, ఎద్దుకు జరమొచ్చిందా, గట్ల పట్టి సూస్తున్నవ్?” అన్నాడు బాపు.

జ్వరం నాకే వచ్చేట్టుంది, అంత సంతోషం! కొమ్ము ఒక్క వంపు కాదు. మొదట్లో పెద్ద వంపు, పోను పోను చిన్నది. అంటే పెద్ద సర్కిల్‌లో ముక్క, దానికంటే చిన్నదాంట్లో ముక్క, ఇంకా చిన్నదాంట్లో ముక్క. అతుకు తెలియకుండా కలిపితే కొమ్ము అయిపోదూ? మర్నాడు పొద్దున్నే కలిపాను. స్క్రీన్ మీద మెట్లు లేచి నిలబడ్డాయి. నేను పెట్టిన కేకకు ఆఫీసంతా నా వైపు తిరిగింది.

గురువారం ఆ మోడల్‌ను అటూ ఇటూ తిప్పుకుని మురిసిపోతుంటే మా అక్క పెళ్లి గుర్తొచ్చింది. గంపలో అక్క, గంపకు చెరో పక్క మా మేనమామలు. చదునైన నేల మీదే తూలారు వాళ్లు! మరి ఈ మెట్ల మీద? నడిమధ్య నడిచేవాళ్లకు ఇబ్బంది లేదు. వంపుకు లోపలి పక్కన గంప పట్టుకున్న మామకు మాత్రం, కొమ్ము మొన దగ్గర మెట్లు బాగా సన్నబడిపోయాయి.

సాఫ్ట్‌వేర్‌లో దొరికే మనుషులంతా సూటు వేసుకున్నవాళ్లే. వాళ్లలో ఇద్దరిని తెచ్చి, మధ్యలో గంప చేసి పెట్టి, ఒక్కో మెట్టూ దింపాను. మొన దగ్గర లోపలివాడి మడమ గాలిలో ఉంది.

“ఏమిటమ్మా, వీళ్లేం మోస్తున్నారు?” అన్నారు సారు వెనక నుంచి.

“పెండ్లిపిల్లను సార్. వీళ్లు మేనమామలు.”

సారు నవ్వబోయి, స్క్రీన్ చూసి ఆగిపోయారు. “మా వైపు కూడా బుట్టలోనే తీసుకొస్తారు. పడిపోతాడమ్మా ఈయన. రేపే కదా ఆయన వచ్చేది, ఇక తిన్నగా వేసేద్దాం.”

“వద్దు సార్! కొమ్ము మొన జర విప్పుత,” అన్నాను. విప్పడమంటే చివరి సర్కిల్ పెద్దది చేయాలి. అది పెరిగితే మిగతావన్నీ జరుగుతాయి. మొత్తం చెరిపి మళ్లీ మొదలుపెట్టాను. శుక్రవారం ఆయన వచ్చి టీ తాగుతుండగా చివరి మెట్టు కూర్చుంది.

సూటు మామలు గంపతో దిగుతుంటే ఆ పెద్దమనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “గింత టిప్‌టాప్ మామలు యాడ దొరుకుతరు బిడ్డా!” అని పగలబడి నవ్వి, సారు వైపు తిరిగి, “ఇగ గిదే కట్టుర్రి,” అన్నాడు. ఆ రోజు బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను.

హాలు లేచింది. అక్కడ జరిగిన మొదటి పెళ్లికి ఆయన నన్ను కూడా పిలిచాడు. మెట్ల కింద నిలబడ్డాను. పైన డోలు మొదలైంది, గంప బయటికొచ్చింది. లోపలి పక్కన బొద్దుగా ఉన్న ఒక ముసలి మామ. నా కళ్లన్నీ ఆయన కాళ్ల మీదే. మొన దగ్గరికి వచ్చాడు. ఆయనేమో పిల్లతో ఏదో పరాచికమాడుతూ, ఒక్కసారి కూడా కిందికి చూడకుండా దిగిపోయాడు.

పక్కనున్న ఒకావిడ నా మొహం చూసి, “గట్లేడుస్తున్నవేంది చెల్లె? నువ్వు పిల్ల తరఫా, పిలగాని తరఫా?” అంది.

“మెట్ల తరఫు అక్కా,” అన్నాను.