గడప మీద తాళంచెవి

ఇల్లు కిరాయికి ఇచ్చేవాళ్ల గురించి నన్ను కదిపితే పొద్దుగూకే దాకా చెబుతాను. అందులో తిట్లే ఎక్కువ ఉంటాయి. పెళ్లయి హైదరాబాదు వచ్చాక మేము మొదట కాపురం పెట్టింది హిమాయత్‌నగర్‌లో. మా పొయ్యి మీద ఏం ఉడుకుతోందో తెలుసుకోకపోతే ఆ ఇంటాయనకు అన్నం సహించేది కాదు. మా ఇంటికి చుట్టాలొస్తే ఎప్పుడు పోతారని నేరుగా వాళ్లనే అడిగేవాడు. ఆ తర్వాత గౌలిగూడలో ఒకామె దగ్గర ఉన్నాం. ఆమె బావి చేంతాడు తీసి ఇంట్లో దాచుకునేది. మనకు నీళ్లు కావాలంటే ముందు ఆమె మనసు బాగుండాలి. మా ఆయన రామచందర్ బడిపంతులు, నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరి తరఫునా నేనే పోట్లాడేదాన్ని, ఆ తర్వాత సామానంతా నేనే మూటగట్టేదాన్ని.

అలాంటి నన్ను జయమ్మ ఇల్లు కట్టిపడేసింది. నాంపల్లి స్టేషను వెనక సందులో ఉండేది ఆ ఇల్లు. నడుమ వాకిలి, వాకిట్లో నీళ్ల నల్లా, చుట్టూ పెంకుల కప్పు గదులు. వీధి వైపు హాలు, దాని వెనక వంటిల్లు జయమ్మవి. మిగిలినవాటిలో మూడు కుటుంబాలం కిరాయికి ఉండేవాళ్లం. జయమ్మ పెనిమిటి ఆబిడ్స్‌లో గోలీసోడాలు తయారుచేసి అమ్మేవాడట. సీసాలు పగిలి చేతుల నిండా గాట్లు పడ్డా, బతికినన్నాళ్లూ అదే పని చేసి ఆ ఇల్లు కొన్నాడు. కొన్న ఏడాదికే పోయాడు. పిల్లలు లేరు. ఇల్లొక్కటే ఆమెకు మిగిలింది.

మంచిది అంటే మెత్తనిదని అనుకునేరు. జయమ్మ నోరు తెరిస్తే సందు చివర జట్కా గుర్రం చెవులు రిక్కించేది. నీళ్లు పోయే మోరీలో అన్నం మెతుకులు కనబడ్డాయంటే మా ముగ్గురినీ వరసబెట్టి కడిగేసేది. అయినా ఆమె కోపం మోరీ దగ్గర మొదలై మోరీ దగ్గరే అయిపోయేది. మా గుమ్మంలోకి ఎన్నడూ రాలేదు. ఏదన్నా చెప్పాలంటే నల్లా దగ్గర నిలబడి కేకేసేది. అన్నాల వేళయితే ఆ కేక కూడా వేయదు. మృగశిర ముందర ఎవరూ గుర్తుచేయకుండానే పెంకులు సర్దించేది. ఊళ్లనుంచి దవాఖానకని మా చుట్టాలు వచ్చి వారాలకొద్దీ ఉండిపోయినా, ఆ జనమెవరని ఒక్కసారి కూడా అడగలేదు.

వెనక గదిలో భూమయ్య కుటుంబం ఉండేది. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు, భువనగిరి అవతల పల్లె నుంచి భార్య కిష్టవ్వనూ, ముసలి తల్లి జంగమ్మనూ వెంటబెట్టుకొని వచ్చాడు. ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో మూటలు మోసే పని దొరికింది. ఆ ముగ్గురూ జయమ్మ ఇంట్లో ఎంత అణకువగా ఉండేవాళ్లంటే, చూసేవాళ్లకు చిరాకేసేది. కనీసం నాకు వేసేది. దండెం కట్టుకోవడానికి అడిగేవాళ్లు. తులసి మొక్క పెట్టుకోవడానికి అడిగేవాళ్లు. రోలు పక్కకు జరపడానికి కూడా జయమ్మ గుమ్మం ముందు చేతులు కట్టుకొని నిలబడేవాళ్లు. "జరుపుకో తియ్, నన్నెందుకు అడుగుడు?" అని ఆమె విసుక్కునేది. మళ్లీ మర్నాడు ఇంకోదానికి వచ్చేవాళ్లు.

యాభై రెండో సంవత్సరం ఆషాఢంలో జంగమ్మకు జబ్బు చేసింది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకొని, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒక సాయంత్రం భూమయ్య ఆమెను రెండు చేతుల మీద మోసుకొచ్చి గదిలో పడుకోబెట్టాడు. నేను వెళ్లి చూశాను. ఊపిరి ఉంది గానీ పెదాలు తడిపినా గుటక పడడం లేదు. గడియల్లోనో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లోనో పోతుందని ఎవరికైనా తెలుస్తుంది.

ఇక్కడ ఈ ఊరి కిరాయి ఇళ్ల సంగతి ఒకటి చెప్పాలి. కిరాయి ఇంట్లో పుట్టవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, చావకూడదు. ఏ కాగితం మీదా ఈ మాట రాసి ఉండదు గానీ అందరికీ తెలుసు. మనిషి చెడు నక్షత్రంలో పోతే ఆ ఇంటికి నెలల తరబడి తాళం వేసి పాడుపెట్టాలి. అలా పాడుపెట్టిన ఇంట్లోకి తర్వాత ఎవరూ దిగరు. అందుకని ప్రాణం పోతుందనగానే ఇంటాయన వచ్చి గుమ్మంలో నిలబడతాడు. కిరాయివాళ్లు మనిషిని సొంతూరికైనా తరలించాలి, లేదా బయట అరుగు మీదైనా పడుకోబెట్టాలి. గౌలిగూడలో మా పక్కింటి పెద్దాయన వానలో, గోనెపట్టా కింద, రోడ్డు మీద పోయాడు. కొడుకులిద్దరూ పట్టా అంచులు పట్టుకొని నిలబడ్డారు. అది చూసిన రోజు నుంచీ ఇల్లుగలవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

ఆ మర్నాడు పొద్దున నల్లా దగ్గరికి వచ్చి చూస్తే వెనక గదికి తాళం వేసి ఉంది. గుమ్మం ముందు కడిగి ముగ్గు పెట్టి ఉంది. తాళంచెవి జయమ్మ గడప మీద ఉంది. జయమ్మ దాన్ని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పింది.

"ఏంది వసుమతీ? చెప్పకుంట కాలిజేసి పోయిన్రా? నేనేమన్న అన్ననా?" అంది.

నాకు విషయం అర్థమైంది. మూడో కిరాయిదారు వెంకటేశం అప్పుడే బయటినుంచి వస్తున్నాడు. రైల్వేలో గుమాస్తా. సంగతి అతనే చెప్పాడు.

"మంచి పనే చేసిండమ్మా భూమయ్య. మీ ఇల్లు పాడువడొద్దని ముసలమ్మను తీస్కపోయిండు. బస్సోళ్లు ఎక్కించుకోలేదట. స్టేషన్ ముంగట సరాయి గోడకాడ పండవెట్టిన్రు, ఇప్పుడే చూసొస్తున్న. ఇజ్జత్ ఉన్న మనిషి!"

గొంతు లేవని జయమ్మను అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. తాళంచెవి కొంగున ముడేసుకొని, కనీసం చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి నడిచింది. నేనూ వెనకే పరిగెత్తాను. చినుకులు పడుతున్నాయి.

సరాయి అంటే దారినపోయేవాళ్లు రాత్రికి తలదాచుకునే చోటు. ఆ పొద్దు లోపల కాలు పెట్టే సందు లేదు. బయట గోడవారగా చూరు కింద చాప వేసి జంగమ్మను పడుకోబెట్టారు. చూరు ఆమె నడుము దాకానే ఉంది. కాళ్ల మీద కిష్టవ్వ తన చీరకొంగు కప్పి కూర్చుంది. ఆ కొంగు తడిసిపోయి ఉంది. భూమయ్య మమ్మల్ని చూసి లేచి, అలవాటు ప్రకారం చేతులు కట్టుకున్నాడు.

"చేతులు దించు ముందుగాల!" అని జయమ్మ అరిచింది. పెట్టెలు, బిస్తర్లు మోసుకుపోతున్న కూలీలు ఆగి చూశారు. "కన్నతల్లిని గిట్ల రోడ్డు మీద పండవెడ్తవా? నేను ఎల్లగొట్టిన్నా నిన్ను?"

"లేదమ్మా. నువ్వు మంచిదానివి. గసుంటి ఇంటికి నా వల్ల మచ్చ రావొద్దని..."

"గంత మంచిదాన్నైతే నన్నెందుకు అడగలే? రోలు జరుపనీకి అడుగుతవు గదా! గిది అడగనీకి నోరు రాలేదా?"

భూమయ్య తల వంచుకున్నాడు. కిష్టవ్వ మాత్రం తలెత్తి జయమ్మ ముఖంలోకి చూసింది. ఆ పిల్ల ఇంటామెతో అంత పొడుగు మాట మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

"నువ్వు వద్దంటవని భయం గాదమ్మా. వద్దంటె ఊకె పోతుంటిమి. నువ్వు ఔనంటవని భయం. ఔనన్నంక నచ్చత్రం మంచిగ లేకపోతె నీ ఇల్లు పాడువడతది. నీకు ఉన్నది గదొక్కటే. నీ బువ్వ మేమెట్ల పోగొడ్తం?"

నా బతుకంతా ఇల్లుగలవాళ్లతో పోట్లాటే సరిపోయింది. కిరాయిదారుకు కావలసినవి గట్టి కప్పు, ఆగని నీళ్లు, గుమ్మం దాటి లోపలికి రాని ఇంటామె, ఇంతే అనుకున్నాను. అవన్నీ జయమ్మ ఇచ్చింది. అన్నీ ఇచ్చినా భూమయ్య ఆ గదిని తనదనుకోలేదు. ఆమె పెట్టిన భిక్ష అనుకున్నాడు. దయ చూపిన మనిషికి భారం కాకూడదని, తల్లిని వానలోకి తెచ్చుకున్నాడు. చేంతాడు దాచిన ఆమెను తిట్టడం సులువు, ఇప్పుడు నేనెవరిని తిట్టాలి?

జయమ్మకు కూడా ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. తడి నేల మీద జంగమ్మ తలాపున కూలబడి ఆమె నుదురు తుడిచింది.

"బత్కనీకి ఇచ్చి సావనీకి ఇయ్యకుంటె, నా ఇంటికీ గీ సరాయికీ ఏం ఫరక్ బిడ్డా?" అంది మెల్లగా. తర్వాత ఎప్పటి గొంతుతో "రిక్షా!" అని కేకేసింది.

రిక్షాలో కిష్టవ్వ ఒడిలో జంగమ్మను పెట్టి తీసుకొచ్చాం. గుమ్మంలో వెంకటేశం అడ్డంగా నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు, చిన్నపిల్లలు గలవాడు. "జర సోచాయించమ్మా. నచ్చత్రం ఎట్లున్నదో ఏమో. ఇంట్ల పిల్లలున్నరు. గిట్లయితె మేము కాలిజెయ్యాల్సొస్తది" అన్నాడు.

"చెయ్యి నాయినా. తాళంచెవి గడప మీద పెట్టిపో" అంది జయమ్మ. వెంకటేశం పక్కకు జరిగాడు. ఆ తర్వాత కూడా అతను ఖాళీ చేయలేదు, అటువంటి ఇల్లు మళ్లీ దొరకదని అతనికీ తెలుసు.

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం జంగమ్మ పోయింది. తన గదిలో, తన చాప మీద, కొడుకు చేత్తో పోసిన తులసినీళ్లు నోట్లో పడ్డాక పోయింది. దినాలన్నీ ఆ వాకిట్లోనే చేశారు.

పంతులు పంచాంగం చూసి నక్షత్రం మంచిది కాదన్నాడు. ఇల్లంతా కాకపోయినా ఆ గది ఆరునెలలు పాడుపెట్టాలట. ఇలాంటివి జయమ్మ నమ్మదేమోనని మీరనుకోవద్దు. కుడికన్ను అదిరితే బజారుకు కూడా పోని మనిషి ఆమె. పంతులు ఆ మాట అనగానే, ఇంకోసారి చూడమని అతన్ని బతిమాలింది. భయం ఉండి కూడా ఆ పని చేసింది కాబట్టే ఆమె గురించి ఇంత చెబుతున్నాను. వెనక గదికి తనే తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా తుమ్మకంప పెట్టించింది. తన నులకమంచం వంటింట్లోకి జరుపుకొని, హాలు భూమయ్య వాళ్లకిచ్చేసింది.

ఇచ్చింది గానీ వాళ్లు తీసుకోలేదు. అంత పెద్ద హాల్లో ఓ మూలకు ముడుచుకొని కూర్చునేవాళ్లు. మూటలు విప్పలేదు. రాత్రి కందీలు, అదే లాంతరు, నేల మీదే పెట్టుకునేవాళ్లు, దాన్ని తన్నుకోకుండా గోడ పట్టుకొని నడిచేవాళ్లు. కిష్టవ్వ తడిబట్టలు చేతుల మీద ఆరేసుకొని, దండెం కట్టుకోవచ్చా అని మళ్లీ వంటింటి గుమ్మంలో నిలబడేది. జయమ్మ ఇప్పుడు విసుక్కోవడం కూడా మానేసింది. "కట్టుకో బిడ్డా" అని ముఖం తిప్పుకునేది. ఒకనాడు బియ్యం ఏరుతూ నాతో అంది, "సరాయిల పండుకున్నట్లే పండుకుంటున్నరు వసుమతీ. నేనింకేం చెయ్యాలె?" ఇల్లిచ్చినంత తేలిక కాదు, అది నీదేనని నమ్మించడం.

దసరాకు ముందు జయమ్మ హాలుకు సున్నం వేయించింది. సున్నం ఆరిన మర్నాడు నేను వంటింట్లో ఆమె పక్కన కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. హాల్లోంచి ఠంగుమని చప్పుడు వినబడింది. మళ్లీ వినబడింది. తలుపు సందులోంచి తొంగిచూస్తే, కిష్టవ్వ పీట మీద నిలబడి, పచ్చడి బండతో కొత్త గోడలోకి ఇంత పొడుగు మేకు దిగ్గొడుతోంది. పక్కన భూమయ్య కందీలు పట్టుకొని నిలబడ్డాడు. సున్నం పెచ్చులు నేల మీద రాలుతున్నాయి.

ఆ రాలిన పెచ్చులు చూసి నా ప్రాణం ఉసూరుమంది. "పెద్దమ్మా, గోడంత ఖరాబైతున్నది!" అంటూ లేవబోయాను.

జయమ్మ నా చెయ్యి పట్టుకొని కిందికి లాగింది. ఆమె కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి.

"ఊకో బిడ్డా" అంది, పక్క గదికి వినబడనంత చిన్న గొంతుతో. "అడగకుంట కొడ్తున్నది."