రెండిళ్ల పిల్లికి ఎఫ్‌ఐపీ

ఆ రోజు పొద్దున్న అప్పన్న గిన్నెలో చేప ముక్క అలాగే ఉంది. అయినా కింద తినొచ్చి ఉంటాడులే అని సరిపెట్టుకున్నాను.

ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ 6లో మాది పై క్వార్టర్. మేం అప్పన్న అని పిలిచే పిల్లిని కింది క్వార్టర్ హిందీవాళ్ల దీదీ శేరూ అంటుంది. వాడు రెండిళ్లలోనూ తినేవాడు.

కొన్నాళ్లకి వాడి పొట్ట ఉబ్బింది. దీదీ పెట్టే పాలన్నంతో బలిశాడని నేను, నా చేపలతో బలిశాడని ఆవిడ అనుకున్నాం. వీపు నిమిరితే మాత్రం ఎముకలే తగిలేవి. పొట్ట పెరిగి వీపు తగ్గడమేమిటో బోధపడక మెట్ల మీద దీదీని ఆపి అడిగాను.

"హమ్ తో సోచే, ఊపర్ ఖా లేతా హై," అంది.

పైన తింటున్నాడని ఆవిడ, కింద తింటున్నాడని నేను. వాడు ఎక్కడా తినడం లేదు. ఇద్దరం వాణ్ని ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం.

పశువుల డాక్టరుగారు జ్వరం చూసి, అల్ట్రాసౌండ్ చేసి, పొట్టలోంచి సూదితో నీరు తీశారు. ఆవనూనె రంగులో జిగురుగా ఉంది. కరోనా వైరస్ టెస్టు పాజిటివ్ అన్నారు. ప్లాంటులో నైట్ షిఫ్టు చేసి నేరుగా వచ్చిన మా ఆయనకి నిద్ర ఎగిరిపోయింది.

"పిల్లికి కరోనా ఏటే? మరి మన గతేటి?" అంటూ జేబులో రుమాలు మూతికి కట్టుకున్నారు.

డాక్టరుగారు నవ్వలేదు. "ఇది మనుషుల కరోనా కాదు, మీకు అంటదు. చాలా పిల్లుల పేగుల్లో ఈ వైరస్ ఊరికే ఉంటుంది. కొన్నిట్లో రూపం మారి ఎఫ్‌ఐపీ అనే ప్రాణాంతకమైన జబ్బు అవుతుంది. ఈ ఒక్క టెస్టుతో తేల్చలేం," అన్నారు.

తేల్చలేనిదానికి టెస్టెందుకని నాకు ఒళ్లు మండింది. నీరు, జ్వరం, రక్తపరీక్ష అన్నీ కలిపి చూసి ఎఫ్‌ఐపీ అనే అన్నారు. తలూపాను గానీ సగం బుర్రకెక్కలేదు. మందు పడకపోతే బతకడని మాత్రం అర్థమైంది. యాంటీవైరల్ మాత్రలు దాదాపు మూడు నెలలు, రోజూ ఒకే వేళకి వెయ్యాలట.

దీదీ ఒళ్లో పట్టుకుంటే నేను నోట్లో వేసేదాన్ని. నా చేతుల నిండా రక్కులే. కొద్దిరోజుల్లోనే జ్వరం తగ్గింది, పొట్ట దిగింది. రెండిళ్ల తిండీ తిని నున్నగా తయారయ్యాడు. గండం గడిచిందని మురిసిపోయాం.

అంతలో ఒక సాయంత్రం వాడి వెనక కాళ్లు తడబడ్డాయి. మళ్లీ జ్వరం. ఒక్క మాత్రా మానలేదు కదా, ఇదేం ఖర్మ అని ఏడుస్తూ తీసుకెళ్లాను. డాక్టరుగారు వాణ్ని త్రాసు మీద పెట్టారు.

"డోసు బరువును బట్టి ఉంటుందమ్మా. మీరు వేస్తున్నది ఆనాటి బక్క పిల్లికి రాసిన మందు," అన్నారు. బలిస్తే మందు చాలదని మాకేం తెలుసు? వైరస్ మెదడు దాకా పోయి ఉండొచ్చని డోసు బాగా పెంచారు, రోజులూ పొడిగించారు. ఈసారి ప్రతివారం తూయించాం.

కోర్సు పూర్తయి ఇప్పుడు మాత్రల్లేవు. గోడలెక్కుతున్నాడు. చాలా పిల్లుల్లో ఊరికే ఉండే వైరస్ వీడిలోనే ఎందుకు మారిందో ఈ రోజుకీ నాకు అంతుపట్టదు.

మీ పిల్లి గిన్నె ముట్టకపోతే పక్కింట్లో తినుంటుందని అనుకోకండి, వెళ్లి అడగండి. ఇవాళ పొద్దున్న కూడా గిన్నె నిండుగా ఉంటే, చెప్పుల్లేకుండా కిందికి పరుగెత్తాను. దీదీ ఖాళీ పళ్లెం ఎత్తి చూపించింది.