బ్యాటరీ అక్క చెవి

ఆమెకు అసలు పేరొకటి ఉండే ఉంటుంది. వీధిలో అందరికీ బ్యాటరీ అక్క. రెండు దుకాణాల మధ్య ఇరికించినట్టుండే గదిలో, భర్త పోయిన నాటి నుంచి ముప్పై ఏళ్లుగా, బండ్ల బ్యాటరీలకు చార్జింగ్ పెడుతోంది. ఆసిడ్ చిల్లులు లేని బట్ట ఆమె ఒంటిమీద నేనెప్పుడూ చూడలేదు.

ఈమధ్య చూపు మందగించింది. ప్లస్‌కు పెట్టాల్సిన ఎర్ర క్లిప్పు, మైనస్‌కు పెట్టాల్సిన నల్ల క్లిప్పు ఒక్కలాగే కనిపిస్తున్నాయి. తారుమారు చేసి ఒక్క నెలలో రెండు చార్జర్లు కాల్చింది.

"ఇంకోసారి ఏది కాలినా గది తాళం నాకిచ్చెయ్యమ్మా," అన్నాడు కొడుకు.

చార్జర్లు తయారుచేసేది ఆమె తమ్ముడే. కొత్తది చేసేముందు వచ్చి కూర్చున్నాడు. కరెంటు హద్దు మీరితే కరిగిపోవడానికి ఫ్యూజు ఎలాగూ ఉంటుంది. తేల్చాల్సింది క్లిప్పులు తిరగబెట్టినప్పటి సంగతి.

"కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఒకటి అడ్డంగా వేస్తానక్కా. తిరగబెడితే ఫ్యూజు పోతుంది, చార్జరు బతుకుతుంది."

"పోయినప్పుడల్లా నేను ఫ్యూజు కోసం పరిగెడుతుంటే వీధంతా నవ్వాలా?"

"పోనీ, దాన్నే కరెంటు వెళ్లే దారిలో వరసగా వేస్తా. తిరగబెడితే కరెంటే పారదు. కానీ అది ఎప్పుడూ వేడెక్కుతూ, కొంత వోల్టేజీ తింటూ కూర్చుంటుంది."

"తిని కూర్చునేవాడు ఇంట్లో ఒకడున్నాడు, చాల్లే."

చివరికి రిలే దగ్గర, అంటే కరెంటు తగిలితే దానంతటదే పనిచేసే స్విచ్చు దగ్గర, ఆగారు. బ్యాటరీ సరిగ్గా తగిలితే, దాని బలంతోనే రిలే టక్‌మని మూసుకుని చార్జింగ్ కరెంటును పోనిస్తుంది. తిరగబెడితే కదలదు. తప్పు తెలిపే బజర్ కూడా పెడతానన్నాడు తమ్ముడు.

"చాటింపు ఎందుకురా? ఆ టక్ చాలు. నా చెవులు గట్టివే."

కంటికంటే చెవిని నమ్మే మెకానిక్కులను నేను ఓడల్లో పనిచేసిన రోజుల్లో చూశాను. ఇంజను చప్పుడు మారితే తింటున్నవాళ్లు కూడా లేచి పరిగెత్తేవారు. ఈమెదీ ఆ జాతే.

చిక్కు ఒకటి మిగిలింది. పూర్తిగా చచ్చిన బ్యాటరీకి రిలేను కదిపే సత్తువ ఉండదు. అందుకు పక్కనే ఒక బటన్ పెట్టాడు. నొక్కితే రిలేను దాటి కరెంటు వెళ్తుంది.

"సరిగ్గా పెట్టానని రూఢి అయితేనే నొక్కక్కా. లేదంటే ఫ్యూజు ఎగిరిపోద్ది."

పదిరోజులు సాఫీగా గడిచాయి. టక్ వినపడకపోతే క్లిప్పులు మార్చేది, అంతే. పదకొండో రోజు ఆటో అతను పూర్తిగా చచ్చిన బ్యాటరీ ఒకటి తెచ్చాడు. చార్జర్లు కాలిన రెండుసార్లూ గుమ్మంలో నిలబడి నవ్వినవాడు.

"ఏంటక్కా, ఈసారి పొగ ఎప్పుడు?"

"నీ ఆటో వెనకాల చూసుకో, కావలసినంత ఉంది."

క్లిప్పులు పెట్టింది. చప్పుడు లేదు. మార్చింది. అప్పుడూ లేదు. మామూలుగా ప్లస్ కొమ్ము కాస్త లావుగా ఉంటుంది, దీనికి రెండు టెర్మినళ్లూ ఒకే లావు. తడిమినా తేడా తెలియలేదు. బటన్ మీద వేలు పెట్టి, తీసేసింది.

"నాకు కనపడట్లేదురా. ప్లస్ ఎటుందో చూసి చెప్పు."

ముప్పై ఏళ్లలో ఆ గదిలో ఆ మాట ఎవరూ వినలేదు. అతను వంగి, బొటనవేలితో మసి తుడిచాడు.

"ఎడంపక్కక్కా. ఎర్ర క్లిప్పు నీ కుడిచేతిలో ఉంది."

క్లిప్పులు పెట్టి, బటన్ నొక్కి పట్టుకుంది. కాసేపటికి రిలే టక్‌మంది. వేలు తీసింది.

ఇప్పుడతను బ్యాటరీ దించుతూనే, అడక్కముందే, ప్లస్ ఎటుందో చెప్పేసి వెళ్తాడు. పొగ మాట ఎత్తడు. గది తాళం ఆమె కొంగునే ఉంది.